ఖాళీ ఫోల్డర్లో ఒక శ్రీరామ

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. గుమ్మంలో కూర్చుంటే బియ్యం మిల్లు చప్పుడుకి నా మాట సగమే వినబడుతుంది. కాఫీ పెట్టాను, తాగుతూ వినండి. మా ఇంట్లో కంప్యూటరులోంచి ఒక పాత ప్రోగ్రాంని ఖాళీ చేయించబోయి, మా అత్తగారి లక్ష రామనామాలనీ గల్లంతు చేయబోయిన సంగతి చెబుతాను. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్ద పెద్ద మాటలు రావు. కానీ ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో, నేను ఏ కూర వండానో కూడా గుర్తుంది. దొండకాయ వేపుడు.

అప్పట్లో మేం మండపేటలో ఉండేవాళ్ళం. మావారు వీధి గదిలో కంప్యూటరు పెట్టుకుని పెళ్ళికార్డులకి అక్షరాలు కూర్చి ప్రెస్సుకి ఇచ్చేవారు. ఇంటర్నెట్టూ అదీ ఇంకా మా వీధికి రాలేదు. కంప్యూటరు మీద ఒక కుట్టుపని గుడ్డ కప్పి ఉండేది. దాన్ని తీస్తే పని మొదలు, కప్పితే పని అయినట్టు.

మా అత్తగారు రామకోటి రాసేవారు. పేరుకి రామకోటే గానీ ఆవిడ మొక్కుకున్నది లక్ష. కోటి ఈ జన్మలో కాదని ఆవిడే రాముడితో మాట్లాడుకుని తగ్గించుకున్నారు. పుస్తకంలో గళ్ళు గీసి, గడికొక శ్రీరామ చొప్పున రాసి రాసి కుడిచేతి బొటనవేలు వాచిపోయింది. డాక్టరుగారు పెన్ను ముట్టుకోవద్దన్నారు. ఆవిడ రెండు రోజులు దిగాలుగా తిరిగేసరికి మావారు జాలిపడి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో నేర్పారు.

మీట నొక్కి కొట్టిన రామనామం చెల్లుతుందా అని పురోహితుడుగారిని అడిగాం. ఆయన, "మనసు పెట్టి కొడితే చెల్లుతుందండి. చెప్పులు మాత్రం విప్పి కూర్చోండి" అన్నారు.

మావారు ఒకసారి ఊరుకోలేక, "అమ్మా, ఒక్కసారి కొట్టి కాపీ చేసుకుంటే సాయంత్రానికల్లా లక్ష అయిపోతుంది కదా" అన్నారు.

"అలాగా. అయితే రేపు నువ్వు ఒక్క పూట భోంచేసి, దాన్నే ఏడాది పొడుగునా కాపీ చేసుకో. కోడలికి గిన్నెలు తోమే పనైనా తప్పుతుంది" అన్నారు అత్తగారు.

ఆ తర్వాత కాపీ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆవిడకు ఇంగ్లీషు రాదు. తెర మీద ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లీషే. కానీ వాటి రంగు పసుపు. అది ఆవిడకు బాగా నచ్చింది. పసుపు రాసిన గడపల్లా ఉన్నాయనేవారు. ఏ ఫోల్డరు తెరుచుకుని ఉంటే ఆ రోజు రాముణ్ణి అందులోనే దాచేవారు. అన్నీ మావారు అక్షరాలు కూర్చే ఆ పాత తెలుగు ప్రోగ్రాం తాలూకు ఫోల్డర్లే. ఒకదానిలో ఒకటి, దానిలో ఇంకొకటి, స్టీలు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి సర్దినట్టు ఉండేవి.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక ఫోల్డరు తెరిచి, "ఇందులో ఏమీ కనబడదేం?" అన్నారు.

"ఖాళీదమ్మా" అన్నారు మావారు, కార్డు మీంచి తలెత్తకుండానే.

"ఖాళీగా ఎందుకుంచావు?"

"నేను ఉంచలేదు. ప్రోగ్రాం వాళ్ళు పెట్టుకున్నారు, వాళ్ళకి ఎప్పుడో పనికొస్తుందని."

మా ఇంట్లో బియ్యం డబ్బా పూర్తిగా ఖాళీ చేసే ఆచారం లేదు. కొత్త బస్తా వచ్చేదాకా అడుగున ఒక గుప్పెడు గింజలు ఉంచాలి. ఉప్పు జాడీకీ అంతే, పసుపు డబ్బాకీ అంతే. ఆ లెక్కన అత్తగారు ఖాళీ ఫోల్డరు కనబడినప్పుడల్లా దాంట్లో ఒకే ఒక్క శ్రీరామ కొట్టి దాచేవారు. పూజ గదిలో అగరొత్తి వెలిగించినంత మామూలుగా చేసేవారు. ఎవరం పట్టించుకోలేదు.

అలా అలా లక్ష పూర్తయింది. మా వీధి ఆడవాళ్ళంతా కలిసి రాజమండ్రి నుంచి లాంచీలో భద్రాచలం వెళ్ళాలని అనుకున్నారు. ప్రయాణం మరుసటి వారమే. అత్తగారు తన రామకోటిని కాగితాల మీద తీయించుకుని, పసుపు గుడ్డలో కట్టుకుని, స్వామి దగ్గర సమర్పించాలి. ఇక మిగిలింది ఆ కాగితాలు తీయడమే.

సరిగ్గా అప్పుడే మావారు కొత్త తెలుగు ప్రోగ్రాం కొన్నారు. పెళ్ళివారందరూ కొత్త రకం అక్షరాలు కావాలంటున్నారట. "దీంట్లో అక్షరం ముత్యంలా వస్తుందమ్మా, నీ రామకోటి కూడా దీంతోనే తీద్దాం" అన్నారు. అత్తగారు ముత్యం మాట నచ్చి ఆగారు. కానీ కొత్తదీ పాతదీ ఒకే వంటింట్లో ఇద్దరు వంటవాళ్ళలా తగువు పెట్టుకున్నాయి. ఒక మీట నొక్కితే దానికొక అక్షరం, దీనికొక అక్షరం. చిరంజీవి అని కొడితే ఏదో దగ్గు మందు పేరులా వచ్చేది.

మాకు ఆ కంప్యూటరు అమ్మినాయన కాకినాడలో ఉండేవారు. ఆయన్ని మేం కంప్యూటరాయన అనే అనేవాళ్ళం. ఫోన్ చేస్తే, "ముందు పాతదాన్ని దాని పద్ధతిలో తీయించండి, తన సామాను అదే సర్దుకుపోతుంది, తర్వాత కొత్తది సుఖంగా ఉంటుంది" అన్నారు.

ఆ రోజు రాహుకాలం పోయేదాకా ఆగి మావారు పని మొదలుపెట్టారు. అత్తగారు కుర్చీ వెనకే నిలబడ్డారు.

"ఒరేయ్, నేను కొట్టినవి పోవు కదా?"

"పోవమ్మా. అది తన సామానే తీసుకుంటుంది."

తెర మీద నీలం గీత నెమ్మదిగా నిండుతూ వచ్చింది. మధ్యలో ఆగి ఇంగ్లీషులో ఏదో అడిగింది. మావారు చదివి మాకు చెప్పారు. "ఈ ఫైలు నలుగురూ వాడుకునే చోట ఉంది, ఇప్పుడు ఎవరూ వాడుతున్నట్టు లేదు, తీసేయనా అంటోంది." సరే అన్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ సరే. మూడోసారి అడిగేసరికి విసుగొచ్చి, 'అన్నిటికీ సరే' అని ఒక మీట ఉంటే దాన్ని నొక్కేశారు. పెళ్ళివారు కార్డుకోసం బయట అరుగు మీద కూర్చుని ఉన్నారు మరి.

గీత నిండింది. చివర మరో మాట వచ్చింది. కొన్నిటిని తీయలేకపోయాను, మీరే తీసుకోండి అని.

మావారు వెళ్ళి చూస్తే పాత ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి తెరిచారు. లోపల ఒక చిన్న ఫైలు. ఇంకొకటి తెరిచారు. అందులోనూ ఒకటి.

"ఏంటిది, ప్రతిదాంట్లో ఒకటి కూర్చుని ఉంది" అన్నారు.

"ఉంటుంది. నేనే పెట్టాను" అన్నారు అత్తగారు.

"ఎందుకు?"

"ఖాళీగా ఉంచుతామా ఏంటి, లక్షణంగా సంసారం చేసుకునే ఇల్లు."

"అది బియ్యం డబ్బా కాదమ్మా."

"అయితే డబ్బాలా ఎందుకు చేశారు వాళ్ళు?"

మావారు ఫోను చేయమని నాకు సైగ చేశారు. నేను కాకినాడకి ఫోన్ చేశాను. మా ఫోను నడింట్లో ఉండేది, దాని వైరు వీధి గదిదాకా రాదు. అందుకని నేను ఫోను దగ్గర, మావారు కంప్యూటరు దగ్గర, అత్తగారు రెంటికీ మధ్య గుమ్మంలో. నేను చెప్పిన మాట ఆవిడ కొడుక్కి అందించాలి.

కంప్యూటరాయన అంతా విని, "అదేం పాడవలేదండి" అన్నారు. "అది తను తెచ్చిపెట్టినవి మాత్రమే తీసుకెళుతుంది. ఫోల్డరు పూర్తిగా ఖాళీ అయితేనే దాన్ని కూడా తీస్తుంది. లోపల మీ సొంతది ఒక్కటున్నా ముట్టుకోదు. ఇంతకీ లోపల ఏముందండి?"

"రాముడండీ" అన్నాను.

"ఆయ్. ఎవరండీ?"

"శ్రీరాముడండీ. మా అత్తగారు గుప్పెడు గింజల్లా తలా ఒకటి పెట్టారు."

"అయితే ప్రోగ్రాం తప్పేం లేదండి. రాముణ్ణి తీసే అధికారం దానికి లేదు. లోపల మీకు కావలసినవి ఒక్కొక్కటీ చూసుకుని పక్కన పెట్టి, మిగతావి డిలీట్ చేయమనండి."

గుమ్మంలోంచి అత్తగారు లోపలికి అందించారు. "చూసుకోమంటున్నారు."

"అంతేనా?" అన్నారు మావారు.

"అంతే."

"అత్తయ్యగారూ, రెండో మాట చెప్పలేదు మీరు" అన్నాను.

"రెండో మాట నాకు వినబడలేదమ్మాయ్" అన్నారు ఆవిడ, గుమ్మానికి ఆనుకుని.

కంప్యూటరాయన చెప్పింది నాకు బాగా అర్థమైంది. మా వైపు ఇత్తడి గిన్నె కొంటే దాని మీద పేరు చెక్కించుకుంటాం. పెళ్ళయిపోయాక వంటవాళ్ళు తమ పేరున్న గుండిగలు, గరిటెలు ఏరుకుని బండెక్కించుకుంటారు. మన పేరున్న చెంబు వాళ్ళ గుండిగలో ఉంటే, ఆ గుండిగని అలాగే వదిలేసి వెళ్ళే మర్యాదస్థులు ఎక్కడా ఉండరు గానీ, ఈ ప్రోగ్రాం మాత్రం అలాంటిదట.

మావారికి అంత ఓపిక లేదు. బయట పెళ్ళివారు దగ్గుతున్నారు. "ఇన్నిటిని ఎవడు తెరుస్తాడు. పెద్ద ఫోల్డరుని షిఫ్ట్ పట్టుకుని లేపేస్తే ఒక్క దెబ్బకి పోతుంది" అన్నారు. షిఫ్ట్ అంటే ఏంటో మాకప్పటికే తెలుసు. ఉత్తినే తీసేస్తే అది తెర మీదున్న చెత్తబుట్టలోకి వెళుతుంది, కావాలంటే తిరిగి తెచ్చుకోవచ్చు. షిఫ్ట్ పట్టుకుని తీస్తే బుట్ట దాకా కూడా వెళ్ళదు, వరద గోదాట్లో వేసినట్టే.

అత్తగారు వచ్చారు. వంగి, వెనక వైరు పట్టుకుని లాగి, మౌసుని ఊడదీసి, బొడ్లో దోపుకున్నారు.

"అమ్మా, అది ఇటివ్వు."

"ఇవ్వను. నా రాములందరినీ ఒక్కొక్కరినీ నాకు చూపించి, అప్పుడు ఏం చేస్తావో చెయ్యి."

"అది లేకుండా నేను చూపించడమెలా?"

ఆ మాటలో న్యాయం ఉందని ఒప్పుకోడానికి ఆవిడకు అరగంట పట్టింది. ఆ అరగంటా మౌసు తోక చీర కుచ్చిళ్ళ పక్కన వేలాడుతుంటే, ఆవిడ తులసికోట దగ్గరికీ, వంటింట్లోకీ, పెళ్ళివారికి మంచినీళ్ళివ్వడానికి అరుగు మీదికీ తిరిగారు. పెళ్ళికూతురి తండ్రి ఆ తోకని చూసి, ఏదో కొత్త రకం తాళాలగుత్తి అనుకున్నట్టున్నారు, చూపు తిప్పుకున్నారు. చివరికి చంటిపిల్లాణ్ణి అప్పగించినట్టు మౌసుని కొడుకు చేతిలో పెట్టారు. "జాగ్రత్త" అన్నారు.

మావారు మొదటి ఫైలు తెరిచారు.

తెర మీద తెలుగు లేదు. ఇంగ్లీషూ కాదు. కొక్కేలు, చుక్కలు, తలకిందులైన ప్రశ్న గుర్తులు, మీసాల్లాంటివి, ముక్కుపుడకల్లాంటివి. ఇంకో ఫైలు తెరిచారు. అవే మీసాలు. మావారి మొహం తెల్లబోయింది.

"ఏడి?" అన్నారు అత్తగారు.

మావారు దాన్ని మూసి మూడోది తెరిచారు. అదీ అంతే.

"నా రాముడేడిరా?"

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. వెళ్ళి నడింట్లో చాప మీద కూర్చుని, "లాంచీ వచ్చే వారం. నేను ఎవరి మొహం చూపించుకుని ఎక్కుతాను, మీసాల కట్ట పట్టుకుని? రాముడు మళ్ళీ కనబడేదాకా ముద్ద ముట్టను" అన్నారు. కాసేపయ్యాక, "కాఫీ తాగుతాను" అన్నారు.

దొండకాయ వేపుడు అలాగే ఉండిపోయింది. ఆవిడ తినకుండా మేమెలా తింటాం. పెళ్ళివారిని రేపు రమ్మని పంపించేశాం. మళ్ళీ ఫోన్ చేశాను.

కంప్యూటరాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరూ వాడట్లేదన్న ఫైళ్ళకి ఏం నొక్కారండి?"

"అన్నిటికీ సరే నొక్కారండి."

ఆయన నిట్టూర్పు కాకినాడ నుంచి నాకు స్పష్టంగా వినబడింది. "ఆ మాట వచ్చినప్పుడు ఎప్పుడూ వద్దనే నొక్కాలండి. ఉండిపోయినా నష్టం లేదు, తీస్తే ఎవరిదో ఒకరిది పోతుంది. అక్షరాల ఆకారాలు అందులో ఉంటాయి. మీరు కొట్టినదంతా భద్రంగానే ఉంది, దానికి తొడిగే ఆకారం పోయింది."

ఈసారి అత్తగారు చాప మీంచి లేచి ఫోను పక్కనే చెవి ఆనించారు. విని, "అంటే విగ్రహం ఉంది, అలంకారమే పోయింది" అన్నారు.

"అదేనండమ్మా" అన్నారు ఆయన. "పాత సీడీలోంచి ఆ అక్షరాలొక్కటీ మళ్ళీ పెట్టించండి చాలు."

పాత సీడీ ఎక్కడుందని మావారు సొరుగులన్నీ లాగారు. అది డాబా మీద ఉంది. పొద్దున పాత ప్రోగ్రాం తీసేస్తున్నాం కదా, ఇక ఆ సీడీతో పనేముందని ఆయనే నాకిస్తే, నేను దాన్ని దారం కట్టి మినపవడియాల పైన వేలాడదీశాను. తళతళ మెరుస్తూ తిరుగుతుంటే కాకులు దగ్గరికి రావు. వెళ్ళి చూస్తే గాలికి దారం జారి, సీడీ వెళ్ళి తడి వడియాల మధ్య అతుక్కుని ఉంది. కాకులు కూడా వచ్చేసి చుట్టూ కూర్చున్నాయి.

కుంకుడు రసంతో కడగాలన్నారు అత్తగారు. వద్దన్నారు మావారు. మంచినీళ్ళతో తడిపి, నా పాత నూలుచీర ముక్కతో తుడిచాం. మధ్య చిల్లులో ఇరుక్కున్న పప్పు పిండిని అగ్గిపుల్లతో తీశాను. కంప్యూటరు దాన్ని మింగి, గరగరమని శబ్దం చేసి, కక్కేసింది. మళ్ళీ తుడిచి పెట్టాం. మళ్ళీ గరగర. మూడోసారి లోపల ఎక్కడో సర్దుకుని, గుయ్యిమంటూ తిరిగింది. మావారు అక్షరాలొక్కటే ఏరి వాటి చోట పెట్టి, ఫైలు తెరిచారు.

తెర నిండా శ్రీరామ. శ్రీరామ శ్రీరామ శ్రీరామ, వరసలు వరసలుగా.

అత్తగారు రెండు చేతులూ చాచి తెరని తాకి కళ్ళకద్దుకోబోయారు. ఆ రోజుల్లో తెరలు లావుపాటివి, వాటి అద్దం మీద చెయ్యి పెడితే చిటపటమని చిన్న కరెంటులాంటిది పాకేది. అది చెయ్యంతా పాకేసరికి ఆవిడ, "చూశావా, పలికాడు" అన్నారు.

"అమ్మా, కనబడ్డాడుగా. లేచి ముద్ద తిను."

"ఒక పుట కనబడింది. మిగతావి?"

అలా మొదలైంది అసలు పని. పొద్దుగుంకేదాకా ముగ్గురం కదల్లేదు. ముందు మా పేరున ఒక కొత్త ఫోల్డరు వేరే చోట తయారు చేశారు మావారు. మన సామాను మన బీరువాలో ఉండాలి, అద్దెకున్నవాళ్ళ బీరువాలో కాదు. ఆ మాట మాత్రం ఆయనే అన్నారు. తర్వాత అన్నిటికంటే లోపలున్న డబ్బా నుంచి మొదలుపెట్టాం. తెరవడం, అందులో ఉన్నది చదవడం, మా ఫోల్డరులోకి తరలించడం. డబ్బా ఖాళీ అయ్యాక తీసేయడం. దాని బయటి డబ్బా తర్వాత. గుప్పెడు గింజల్లాంటి ఒంటరి రాముళ్ళని కూడా చెరపడానికి ఆవిడ ఒప్పుకోలేదు, "లెక్కలో ఎక్కువైతే రాముడేం అనడు" అన్నారు. ఖాళీ అయిన ఫోల్డరుని తీసేస్తున్న ప్రతిసారీ ఒక్క క్షణం అటువైపు చూడకుండా మొహం తిప్పుకునేవారు గానీ, అడ్డం మాత్రం చెప్పలేదు.

ఒక చోట మావారు, "దీన్ని తెరవక్కర్లేదు. దీని పేరే టెంప్. పారేసుకునే సరుకు పెట్టే చోటిది" అని చెయ్యెత్తారు.

"పారేసేది అయితే చూసి పారేద్దురూ" అన్నాను.

తెరిచారు. అత్తగారు ఒక కార్తీకమాసం మొత్తం కొట్టినది అందులో ఉంది.

"టెంప్‌లో ఎందుకు పెట్టావమ్మా" అన్నారు మావారు నీరసంగా.

"దాని పేరు అదని నాకెవరు చెప్పారు. పసుపుగానే ఉంది" అన్నారు ఆవిడ.

చివరికి పైనున్న పెద్ద ఫోల్డరు ఒక్కటి మిగిలింది. లోపల ఏమీ లేదు. ఎన్నిసార్లు తీసినా అది పోలేదు, ఎవరో వాడుతున్నారంటుంది. ఎవరు వాడుతున్నారా అని ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తీరా చూస్తే మావారే దాన్ని ఇంకో కిటికీలో తెరిచి పెట్టుకుని ఉన్నారు.

"పీట మీద కూర్చుని పీట ఎత్తమంటే ఎలా నాయనా" అన్నారు అత్తగారు.

ఆ కిటికీ మూశారు. ఫోల్డరు పోయింది. అప్పుడు లేచి ముగ్గురం చల్లారిన అన్నంలో దొండకాయ వేపుడు కలుపుకుని, గిన్నె అడుగంటా తినేశాం. అంత రుచిగా నేను మళ్ళీ ఎప్పుడూ వండలేదు.

మర్నాటి నుంచి ప్రింటరు పళ్ళు కొరుకుతున్నట్టు కిర్రుకిర్రుమంటూ రామనామాలు తీసింది. కాగితాలు మడతలు మడతలుగా కింద పడుతుంటే, అత్తగారు పీటేసుకుని వాటి పక్కనే కూర్చుని ప్రతి వరసా వేలు పెట్టి చూసుకున్నారు. ఎక్కడా మీసాలు లేవని నమ్మకం కుదిరాకే గుడ్డలో కట్టనిచ్చారు.

రాజమండ్రి రేవుకి మేమూ వెళ్ళాం, సాగనంపడానికి. ఆ మూట బరువు మోయలేక మావారు భుజం మార్చుకుంటూ నడిచారు. లాంచీ ఎక్కేచోట, రామకోటి పుస్తకాలు పట్టుకున్న ఒక పెద్దావిడ మా అత్తగారి కాగితం మడత విప్పి చూసి, "అబ్బో, అచ్చేసినట్టుంది వదినగారూ. ఎవరిచేత రాయించారేంటి?" అన్నారు, కాస్త ఎత్తిపొడుపుగానే.

"రాయించడం కాదు, కొట్టాను" అన్నారు మా అత్తగారు. పది వేళ్ళూ ఆవిడ మొహం ముందు చాపారు. "ఒక్కటి కూడా కాపీ లేదు."

మూటని సామాన్లలో పడేయనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్క చోటు చూసుకుని కూర్చున్నారు. లాంచీ మలుపు తిరిగేదాకా ఆ పసుపు మూట మాకు కనబడుతూనే ఉంది.

ఇక లేవండి, మీ కాఫీ చల్లారిపోయింది, వేరేది కలిపిస్తాను. మీ ఇంట్లో ఉండవలసినవన్నీ కలకాలం ఉండాలి. పోవలసినవి మీవి ఏవీ పట్టుకుపోకుండా వాటి దారిన అవి పోవాలి. మీ పిల్లా పాపా చల్లగా ఉండి, మీ వంటింట్లో పొయ్యి ఏ పూటా ఊరికే ఉండకూడదని మనసారా దీవిస్తున్నాను.